భయపెట్టే రేపటి మీద ఇంత మక్కువ ఎందుకు?

ఆదివారం ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాలకు సెలవు. దించిన షట్టర్ల ముందు, మెట్ల మీద, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగ్ గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, ఎప్పటివో ఇంగ్లిష్ పత్రికలు, అట్టలూడిన తెలుగు నవలలు అన్నీ కలగలిసి ఉంటాయి. దశాబ్దాలుగా నడుస్తున్న బజారు ఇది. ఇక్కడ ఇంగ్లిష్ నవలల కుప్ప కదిపితే తరచుగా చేతికి తగిలేవి కొన్ని ఉన్నాయి. జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’ వాటిలో ముందుంటాయి. ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’, రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’, సుజాన్ కాలిన్స్ ‘ద హంగర్ గేమ్స్’ వాటి వెనకే వస్తాయి. కాలేజీ కుర్రవాళ్లు, అమ్మాయిలు బేరమాడి మరీ పట్టుకెళ్లే పుస్తకాలివి.

వాటిలో ఉన్న లోకాలు చూస్తే ఎవరూ ఒక్క రోజు కూడా ఉండాలనుకోరు. ‘1984’లో మనిషి తన గదిలో కూర్చున్నా గోడ మీది తెర అతన్ని చూస్తూనే ఉంటుంది. ‘యానిమల్ ఫామ్’లో యజమానిని తరిమేసిన పశువులు చివరికి పందుల ఏలుబడిలో చిక్కుకుంటాయి. ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో పిల్లలు సీసాల్లో తయారవుతారు, ఎవరు ఏ కులమో పుట్టకముందే ఖాయమైపోతుంది. ‘ఫారెన్‌హీట్ 451’లో ఫైర్ ఇంజన్ వచ్చేది మంటలు ఆర్పడానికి కాదు, పుస్తకాలు కాల్చడానికి. మార్గరెట్ అట్‌వుడ్ ‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో ఆడవాళ్లు అక్షరం చదివితే నేరం. సమాజం మొత్తం ఒక చెరసాలగా మారిపోయిన ఇలాంటి కథలనే డిస్టోపియా సాహిత్యం అంటున్నారు. ఇంట్లో, ఆఫీసులో, వార్తల్లో ఉన్న బాధలు చాలవన్నట్టు మనిషి డబ్బిచ్చి మరీ ఈ బాధను ఎందుకు కొనుక్కుంటాడు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. పద్నాలుగో శతాబ్దంలో ‘సాహిత్యదర్పణం’ రాసిన విశ్వనాథుడు దీన్నే వేసుకున్నాడు. కరుణరసంలో ఉన్నది దుఃఖమే అయితే ఎవరైనా దాని జోలికి ఎందుకు వెళతారని అడిగి, లోకంలో దుఃఖం కలిగించేవే కావ్యంలోకి వచ్చేసరికి ఆనందం కలిగిస్తాయని సమాధానం చెప్పాడు. ఇదే సంగతిని ఈ కాలంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త పాల్ రోజిన్ మిరపకాయతో మొదలుపెట్టి పరిశీలించాడు. కారం తగలగానే నోరు మండుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, శరీరం ప్రమాదమని గోల పెడుతుంది. ప్రమాదమేమీ లేదని మనసుకు తెలుసు. ఆ తేడాలోనే ఆనందం ఉందంటాడు. ఏడిపించే సినిమాల మీద, గుండె జారిపోయేలా తిప్పే జెయింట్ వీల్ వంటి వాటి మీద మనుషులకుండే ఇష్టాన్నీ అలాగే వివరించాడు. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లకు ఈ సిద్ధాంతం అర్థం కావడానికి ప్రయోగశాల అక్కర్లేదు.

అయితే ఈ వివరణ సగం దూరమే తీసుకెళుతుంది. దయ్యాల నవల కూడా భయపెడుతుంది, పుస్తకం మూయగానే ఆ భయం మూతపడుతుంది. డిస్టోపియా అలా కాదు. పుస్తకం మూసి రోడ్డు మీదికొచ్చాక అసలు కథ మొదలవుతుంది. నవలలో చూసినదానికి పోలికలు బయట కనిపిస్తాయి. పాఠకుడికి దక్కే తృప్తిలో పెద్ద భాగం ఈ గుర్తుపట్టడంలోనే ఉంది. తనకు లోపల గుచ్చుకుంటున్నదేదో ఎవరో తనకంటే ముందే చూసి, దానికి ఒక ఆకారం ఇచ్చారు. తాను ఒంటరి కాదని తెలియడం ఎంత చీకటి పుస్తకంలోనైనా ఊరటే.

తెలుగువాళ్లకు ఈ రుచి ఇంగ్లిష్ నవలలు నేర్పలేదు. ఊళ్లో ఏ వింత జరిగినా, వానలు ఎగ్గొట్టినా, ఏ పాలకుడు అడ్డం తిరిగినా “బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు” అనే మాట వినపడుతుంది. పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానాన్ని బనగానపల్లె, కందిమల్లాయపల్లె నుంచి పల్లెపల్లెకూ మోసింది తత్వాలు పాడేవాళ్లు. జనం దాన్ని భయంతోనూ విన్నారు, ఆసక్తితోనూ విన్నారు. అంతకు ముందే తెలుగు భాగవతంలో వెలిగందల నారయ చేసిన ద్వాదశ స్కంధం కలియుగం చివరి రోజులను చూపించింది. పాలకులు దోపిడీదారులవుతారు, పన్నులూ కరువూ కలిసి మనుషులను ఊళ్లు విడిపిస్తాయి, ఆయుష్షు తగ్గిపోతుంది. ఎన్టీఆర్ ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ సినిమా తెర మీదికి వచ్చింది సరిగ్గా 1984లోనే. రాబోయే కష్టాల జాబితా వినడానికి జనం థియేటర్లు నింపారు.

కానీ కాలజ్ఞానానికీ ఆర్వెల్‌కీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది, పాఠకుడి ఇష్టానికి అసలు కీలకం అక్కడే ఉందనిపిస్తుంది. కలియుగం రావాలి గనక వస్తుంది, దాని చివర కల్కి కూడా వస్తాడు. ఆర్వెల్ లోకంలో అవతారపురుషుడు లేడు. ఆ లోకం విధిరాత కాదు, మనుషులు ఒక్కొక్క ఉత్తర్వుతో, ఒక్కొక్క మౌనంతో కట్టుకున్నది. మనుషులు కట్టారంటే మనుషులు కట్టకుండానూ ఉండొచ్చు. పాఠకుడు ఆ కథలో ఎక్కడ ఆపి ఉండాల్సిందో వెతుకుతూ చదువుతాడు.

తెలుగు సినిమా ఈ రెంటినీ కలపడానికి గట్టి ప్రయత్నాలే చేసింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కొలువు చూపించి ఆగలేదు. అణుయుద్ధం తర్వాత భూమి లోపల తలదాచుకున్న భవిష్యత్ మనుషుల దగ్గరికి కూడా తీసుకెళ్లింది. 2024 జూన్ 27న వచ్చిన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’లో గంగ ఎండిపోయింది, కాశీ ఒక్కటే మిగిలింది, ఉన్న నీళ్లూ పచ్చదనమూ ఆకాశంలో వేలాడే ‘కాంప్లెక్స్’లోని కొద్దిమంది చేతిలో ఉన్నాయి. ఆ సినిమా కథారచనకు సింగీతం మార్గదర్శిగా ఉండటం ముచ్చటైన సంగతి. వెయ్యి కోట్ల రూపాయలకు పైగా వసూలైందని నిర్మాతలు ప్రకటించారు. డిస్టోపియా కొద్దిమంది పుస్తకప్రియుల వ్యవహారమని ఇక ఎవరూ అనలేరు.

హైదరాబాద్ పాఠకుడు ఈ నవలలను మరింత దగ్గరగా చదవడానికి ఈ నగరం గతం ఒక కారణం. నిజాం పాలనలో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు ఉండేది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయం పెట్టినా, సొంతంగా బడి తెరిచినా అనుమానమే. 1921 నవంబరులో ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగితే, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయేసరికి గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మనుషులకు మాటలు తగ్గించేస్తే ఆలోచనలు వాటంతటవే తగ్గిపోతాయని ‘1984’లో పార్టీ లెక్క వేస్తుంది. ఆ అధ్యాయాలు చదివే తెలంగాణ పాఠకుడికి ఈ సభ గుర్తుకు రాకుండా ఉంటుందా?

ఈ చరిత్రలో పుస్తకం మోసిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. వంటవాడిగా, హోటల్లో సర్వరుగా, ప్రూఫ్ రీడరుగా పనిచేసి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టాడు. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. దాశరథి కృష్ణమాచార్య ఇందూరు (నేటి నిజామాబాద్) జైల్లో బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసినప్పుడు అదే జైల్లో ఖైదీగా ఉన్నదీ ఆళ్వారుస్వామే. ‘ఫారెన్‌హీట్ 451’ చివర్లో అడవిలో దాక్కున్న మనుషులు ఒక్కొక్కరు ఒక్కో పుస్తకాన్ని నోటికి నేర్చుకుని బతికిస్తుంటారు. బ్రాడ్‌బరీ ఆ నవల 1953లో వెలువరించాడు. ఇందూరు గోడల మీద బొగ్గు గీతలు పడింది అంతకు ఐదేళ్ల ముందు.

స్వతంత్రం వచ్చాక కూడా ఈ అనుభవం ఆగలేదు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. బిహార్‌లోని మోతిహారిలో 1903లో ఆర్వెల్ పుట్టిన తేదీ కూడా జూన్ 25 కావడం యాదృచ్ఛికమే, కానీ తెలిశాక మరచిపోవడం కష్టం. పత్రికల మీద సెన్సారు కూర్చుంది, విప్లవ రచయితల సంఘం (విరసం) రచయితలు అనేకులు జైళ్లకు వెళ్లారు. అంతకు ముందు ఏడాది, 1974లో మొదలైన సికింద్రాబాద్ కుట్ర కేసులో కవులు నిందితులయ్యారు. పదిహేనేళ్లు నడిచి 1989లో ఆ కేసు కొట్టేశారు. ఏ నేరం చేశాడో తెలియకుండానే కోర్టుల చుట్టూ తిరిగే కాఫ్కా ‘ద ట్రయల్’ కథానాయకుడిని, నాంపల్లి కోర్టుల దగ్గర వాయిదా కోసం నిలబడిన మనుషులను చూసిన పాఠకుడు కల్పిత పాత్ర అనుకోలేడు.

ఇక ఇప్పటి హైదరాబాద్. కూడళ్లలో, గల్లీల్లో, దుకాణాల ముందు కెమెరాలు. ‘నేను సైతం’ పేరుతో కాలనీవాసులే ముందుకొచ్చి కెమెరాలు పెట్టించే కార్యక్రమాన్ని పోలీసులు నడిపారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. దొంగతనాలు తేల్చడంలో, తప్పిపోయిన పిల్లలను వెతకడంలో కెమెరాలు అక్కరకొస్తున్నాయన్నది పోలీసుల మాట, అందులో నిజమూ ఉంది. ఇంకోపక్క, హైదరాబాద్ పూర్తి నిఘా నగరంగా మారే అంచున ఉందని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021 నవంబరులో హెచ్చరించింది. కాలాపత్థర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం ప్రాంతం కెమెరాల కంట్లోనే ఉందని ఆ సంస్థ వాళ్ల సర్వే లెక్క కట్టింది. ముఖం గుర్తుపట్టే సాంకేతికతను ప్రశ్నిస్తూ ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఇంత చర్చ చుట్టూ నడుస్తుండగా, ‘1984’ చదివే ఇంజనీరింగ్ విద్యార్థికి ఆ పుస్తకం 1949 నాటిదన్న స్పృహ కూడా ఉండదు. తన కాలనీ గురించి ఎవరో ఇప్పుడే రాసినట్టుంటుంది.

ప్రపంచమంతటా ఇంతే. లోకం గాడి తప్పుతోందనిపించినప్పుడల్లా జనం ఈ పుస్తకాల కోసం వెతుక్కుంటున్నారు. అమెరికా ప్రభుత్వం పౌరుల ఫోన్ల సమాచారం సేకరిస్తోందని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టగానే ‘1984’ అమ్మకాలు ఎగిశాయి. 2017 జనవరిలో ఆ దేశ అధ్యక్షుడి సలహాదారు ఒకరు అబద్ధాలకు ‘ప్రత్యామ్నాయ వాస్తవాలు’ అని పేరు పెట్టినప్పుడు ప్రచురణకర్తలు అదనంగా 75,000 ప్రతులు వేయాల్సి వచ్చింది. కొవిడ్ వచ్చిన కొత్తలో, 2020 ఏప్రిల్‌లో, అమెరికాలో 310 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. ప్రళయం, గ్రహాంతరవాసుల దాడి, జాంబీలు వంటి కథలు ఇష్టపడేవాళ్లు ఆ విపత్తుకు కొంత ఎక్కువ సన్నద్ధంగా ఉన్నట్టు అందులో తేలింది. కథలో ముందే ఒకసారి అనుభవించి చూసినందువల్ల కావచ్చు.

ఇంత చెప్పాక కూడా ఒకటి మిగిలే ఉంటుంది. పాఠకుడు నిజంగా ప్రేమించేది ఆ చీకటి లోకాన్ని కాదు, అందులో మొదటిసారి ‘ఇది తప్పు’ అనుకునే మనిషిని. ‘1984’లో విన్‌స్టన్ స్మిత్ ఓ పాత సామాన్ల కొట్లో మీగడ రంగు కాగితాల నోటుపుస్తకం కొంటాడు. తెర కంటికి అందని మూలలో కూర్చుని అందులో రాయడం మొదలుపెడతాడు. అతని ఉద్యోగం పాత పత్రికలను దిద్దడం. పార్టీ నిన్న చెప్పినదీ ఇవాళ చెప్పినదీ పొసగకపోతే నిన్నటి పేపరునే మార్చి, అసలు ప్రతిని కాల్చేయడం అక్కడి పద్ధతి. ఆ పేజీలు చదివినవాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ముప్ఫై ఏళ్ల కిందటి వారపత్రిక కనిపిస్తే దాన్ని చిత్తుకాగితంగా చూడలేడు. ఎవరూ దిద్దని నిన్న అది. విన్‌స్టన్ చివరికి ఓడిపోతాడు, దారుణంగా ఓడిపోతాడు. అయినా లక్షల మందికి గుర్తుండిపోయినది ఆ నోటుపుస్తకం మీద పెట్టిన మొదటి అక్షరమే.

అందుకే ఈ కథలు పుస్తకంలో ఉండిపోవు. ‘ద హంగర్ గేమ్స్’లో మూడు వేళ్లెత్తే సైగను 2014లో థాయ్‌లాండ్‌లో సైనిక తిరుగుబాటును వ్యతిరేకించినవాళ్లు, 2021లో మయన్మార్ యువత వీధుల్లోకి తెచ్చారు. హ్యాండ్‌మెయిడ్ల ఎర్ర అంగీ, తెల్ల టోపీ వేసుకుని 2017లో టెక్సస్ చట్టసభలో ఆడవాళ్లు కూర్చున్నారు. చరిత్రలో ఎక్కడో ఒకచోట నిజంగా జరగనిదేదీ ఆ నవలలో పెట్టలేదని అట్‌వుడ్ పలుమార్లు చెప్పింది. అయితే కాల్వర్ట్ జోన్స్, సీలియా పారిస్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఒక జాగ్రత్త చెబుతుంది. ఇలాంటి కథలు చదివినవాళ్లు, చూసినవాళ్లు అన్యాయాన్ని ఎదిరించడానికి హింసతో కూడిన చర్యలు కూడా సబబేనని ఒప్పుకునేందుకు ఎక్కువ సిద్ధపడ్డారు. కథలో శత్రువు స్పష్టంగా ఉంటాడు, బతుకులో అంత స్పష్టంగా ఉండడు. చదివేవాళ్లు, చదివించేవాళ్లు ఈ తేడా గురించి మాట్లాడుకోవడం మంచిది.

మరి తెలుగు నవల సంగతేమిటి? మన రచయితలు చెరసాల లాంటి సమాజాన్ని గొప్పగానే చూపించారు. కాకపోతే దాన్ని భవిష్యత్తులో కాక గతంలోనూ వర్తమానంలోనూ చూపించారు. ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో దొర గడీ ఉంటుంది. ఊళ్లో ఎవరు ఎప్పుడు వెట్టి చేయాలో, ఎవరి ఇంటి ఆడపిల్ల ఎక్కడుండాలో ఆ గడీ నిర్ణయిస్తుంది. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో చట్టమే వలగా మారి బీదవాళ్లను పట్టుకుంటుంది. కళ్లముందే ఇంత ఉండగా రేపటిని ఊహించాల్సిన అవసరం వాళ్లకు కనిపించి ఉండదు. ఇప్పుడు ఆ అవసరం వచ్చింది.

అనువాదాలకు కూడా ఇది మంచి కాలం. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ఆర్వెల్ 1950లో చనిపోయాడు గనక 2011 నుంచి అతని పుస్తకాలను ఇక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. అగ్గువ ప్రతులు అన్ని దొరకడానికి ఇదే ముఖ్య కారణం. 1963లో పోయిన హక్స్‌లీ రచనలు 2024 నుంచి ఆ వరుసలో చేరాయి. తెలుగులోకి తేవడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, పైసా రాయల్టీ కట్టనక్కర్లేదు. ఇంగ్లిష్ నవల అలవాటు లేని జిల్లా పాఠకుడు కాలజ్ఞానం విన్న చెవులతో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ చదివితే, అందులో కులాల అంచెలను ఇంగ్లండ్ పాఠకుడికంటే లోతుగా పట్టుకుంటాడు.

సొంత కథకు ముడిసరుకు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. ఇంటర్మీడియట్ బోర్డు నాంపల్లిలోనే ఉంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు. మార్కుల ప్రక్రియలో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చిందని చూపించారు, పేపరు మళ్లీ దిద్దితే 99. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు, విద్యార్థులు రోజుల తరబడి బోర్డు కార్యాలయం ముందు నిలబడ్డారు. ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ పరీక్షలకు చదివించే రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంటలవారీగా కోసిన దినచర్య, సెల్‌ఫోన్ లేని హాస్టల్ గది, గోడ మీద ర్యాంకుల పట్టిక, పేరుకు బదులు హాల్‌టికెట్ నంబరు: ‘ద హంగర్ గేమ్స్’ను వదలకుండా చదివే పదహారేళ్ల తెలుగు పిల్లలకు ఇది తెలిసిన లోకమే. వాళ్ల కోసం, వాళ్ల భాషలో, ఆ హాస్టల్ గదిలోంచి మొదలయ్యే నవల ఒకటి రావాలి. రాసేవాళ్లు బహుశా ఆ గదుల్లో పెరిగినవాళ్లలోనే ఉంటారు.